కింగ్ క్రిమ్సన్ ‘యూఎస్ఏ’ రీఇష్యూ: ఏ మిక్స్ కొనాలి, ఏం వినాలి, విశాఖ గాలిలో ఎలా కాపాడుకోవాలి

లాసన్స్_బే

ఈ ఆల్బమ్ గురించి అక్కడో మాట ఇక్కడో మాటగా చాలా థ్రెడ్లలో చెప్పుకున్నాం. అంతా ఒక్కచోట పెడదాం.

‘యూఎస్ఏ’ బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ కింగ్ క్రిమ్సన్ లైవ్ ఆల్బమ్. 1974 జూన్ 28న న్యూజెర్సీలోని అస్బరీ పార్క్ కసీనోలో జరిగిన కచేరీ ఇది. ‘ట్వంటీఫస్ట్ సెంచురీ స్కిట్సాయిడ్ మ్యాన్’ ఒక్కటి మాత్రం జూన్ 30న ప్రావిడెన్స్ ప్యాలెస్ థియేటర్‌లో వాయించింది. రాబర్ట్ ఫ్రిప్ గిటార్, మెలోట్రాన్ (టేపులతో మోగే కీబోర్డు). జాన్ వెట్టన్ బేస్, గాత్రం. బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్. డేవిడ్ క్రాస్ వయొలిన్, కీబోర్డులు. జూలై 1న న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీతో ఆ పర్యటన ముగిసింది. ఆ వేసవిలోనే, క్రాస్ బయటికెళ్ళాక, మిగతా ముగ్గురూ అతిథి వాద్యకారులతో ‘రెడ్’ రికార్డు చేశారు. సెప్టెంబరుకల్లా బ్యాండే లేదు. 1975లో ‘యూఎస్ఏ’ ఎల్పీ వచ్చినప్పుడు అట్ట మీద ‘ఆర్.ఐ.పి.’ అని వేశారు.

ఎల్పీలో ఆరు ట్రాకులు. మొదటి వైపు ‘లార్క్స్ టంగ్స్ ఇన్ ఆస్పిక్’ రెండో భాగం, ‘లమెంట్’, ‘ఎక్సైల్స్’. రెండో వైపు ‘అస్బరీ పార్క్’ అనే అప్పటికప్పుడు అల్లుకున్న వాయింపు, ‘ఈజీ మనీ’, ‘స్కిట్సాయిడ్ మ్యాన్’. చాలా ఏళ్ళు సీడీగా దొరకలేదు. 2002 సీడీలో అదే కచేరీ నుంచి ‘ఫ్రాక్చర్’, ‘స్టార్‌లెస్’ చేర్చారు. 2013లో 40వ వార్షికోత్సవ ఎడిషన్ కొత్త మిక్స్‌తో సీడీ, డీవీడీ-ఆడియో జంటగా వచ్చింది.

నా మటుకు, రాక్ లైవ్ ఆల్బమ్‌లలో ఇంత బరువుగా, ఇంత తెగువగా మోగేది ఇంకొకటి లేదు. ఆ చివరి రెండు పాటలు చేరాకే అసలు ఆ రాత్రి ఎంత పెద్దదో తెలిసింది.

సీతమ్మధార_స్టీరియో

మాస్టారూ, ఒక్కటే కొనాలంటే ఏది? నా దగ్గర మామూలు డీవీడీ ప్లేయర్, రెండు స్పీకర్ల యాంప్ ఉన్నాయి. డీవీడీ-ఆడియో అంటే వేరే ప్లేయర్ కావాలా?

లాసన్స్_బే

2013దే తీసుకోండి. ప్లేయర్ మార్చక్కర్లేదు. డీవీడీ-ఆడియో డిస్కులో రెండు ఫోల్డర్లుంటాయి: ఆడియో_టీఎస్, వీడియో_టీఎస్. మామూలు ప్లేయర్ రెండోదాన్ని చదువుకుంటుంది, అందులో స్టీరియో పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) ఉంటుంది. కంప్యూటర్‌లో వీఎల్‌సీతో వినాలన్నా ఆ ఫోల్డరే తెరవండి.

ఇక్కడ జనం తరచూ చిక్కుకునేది ప్లేయర్ సెట్టింగులో. డిజిటల్ అవుట్‌ని ‘బిట్‌స్ట్రీమ్’లో వదిలేస్తే కొన్ని యాంపుల్లో అసలు చప్పుడే రాదు. ‘పీసీఎం’ అని మార్చండి. ‘డౌన్‌శాంపుల్’ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే 96 కిలోహెర్ట్జ్‌ది 48కి దిగి వస్తుంది. ‘నైట్ మోడ్’, ‘డైనమిక్ రేంజ్ కంట్రోల్’ కూడా తప్పకుండా ఆపేయాలి. ‘స్టార్‌లెస్’ మెల్లగా పుట్టి పెద్దదయ్యే పాట; ఆ కంట్రోల్ ఆన్‌లో ఉంటే మొదలూ చివరా ఒకే ఎత్తులో చదునైపోవచ్చు.

పెదవాల్తేరు_ఫిడేలు

వయొలిన్ సంగతి విడిగా చెప్పాల్సిందే.

1975 ఎల్పీలో వినిపించే వయొలిన్ అంతా డేవిడ్ క్రాస్‌ది కాదు. ‘లార్క్స్ టంగ్స్’ రెండో భాగంలోనూ ‘స్కిట్సాయిడ్ మ్యాన్’లోనూ వయొలిన్, ‘లమెంట్’లో ఎలక్ట్రిక్ పియానో తర్వాత స్టూడియోలో ఎడ్డీ జాబ్సన్ వాయించి చేర్చినవి. ‘ఎక్సైల్స్’లోది మాత్రం క్రాస్ వాయించినదే.

చెవితో పట్టుకోవాలంటే రెండు ఆనవాళ్ళు. ఒకటి, శబ్దం చుట్టూ ఉండే గాలి. వేదిక మీద వయొలిన్ పికప్‌లోకి, మైకుల్లోకి పక్కనున్న డ్రమ్స్, బేస్ కూడా కొంత దూరతాయి. వయొలిన్ ఆగిన క్షణంలో డ్రమ్స్ తాళాల (సింబల్స్) చప్పుడు రవ్వంత మారుతుంది. చేర్చిన వయొలిన్ అలా ఉండదు, మొదలైనా ఆగినా డ్రమ్స్ రంగు కదలదు. రెండోది శ్రుతి. వెట్టన్ బేస్, బ్రూఫర్డ్ డ్రమ్స్ ఆ హోరులో మోగుతుంటే వయొలినిస్టుకు తన కమానే తనకు వినపడదు. కమాను ఒత్తిడి పెంచుతాడు, దాంతో స్వరం అంచు గరుకెక్కుతుంది. ఫ్రెట్లు లేని వాద్యం కాబట్టి వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి తప్పుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టూడియోలో వాయించినవాడికి ఆ బాధ లేదు. జాబ్సన్ స్వరాలు నున్నగా, నిక్కచ్చిగా కూర్చున్నది అందుకే.

పక్కపక్కన పెట్టి వినాలంటే 1992లో వచ్చిన నాలుగు సీడీల ‘ద గ్రేట్ డిసీవర్’ తీయండి. అందులో అదే ప్రావిడెన్స్ కచేరీ ఉంది, ‘స్కిట్సాయిడ్ మ్యాన్’ క్రాస్ వయొలిన్‌తోనే ఉంది. ఒకే రాత్రి, ఒకే పాట, ఇద్దరు వయొలినిస్టులు. ‘రెడ్’లోని ‘ప్రావిడెన్స్’ కూడా ఆ కచేరీ ముక్కే, ఇక్కడ ఇంకాస్త పొడవుగా దొరుకుతుంది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను విన్న ప్రాంతం మనది. క్రాస్ పడిన కష్టం మన చెవికి ఇట్టే అందుతుంది. నాకు ఆ గరుకే ముద్దు.

గాజువాక_బేస్

గురూ, గౌరవంతోనే విభేదిస్తున్నా. జాబ్సన్ చేర్పులు లేకపోతే ఎల్పీ ‘లార్క్స్ టంగ్స్’ అంత పదునుగా ఉండేది కాదు. చివర్లో వయొలిన్ రంపంలా కోసుకుంటూ పైకి పోతుంది కదా, గిటార్‌కి సరిజోడీగా నిలబడేది అప్పుడే. జాబ్సన్ చేర్పులు లేని పూర్తి కచేరీ మిక్స్‌లో క్రాస్ వయొలిన్ లోపలెక్కడో ఉంటుంది. చరిత్రగా అది నిజం, ఒప్పుకుంటా. సంగీతంగా మాత్రం పాత ఎల్పీకే నా ఓటు.

బేస్ గురించి ఒక మాట. వెట్టన్ శబ్దం ఫజ్, వా అనే, శబ్దం రంగు మార్చే పెడళ్ళ మీద నడుస్తుంది. ‘అస్బరీ పార్క్’లో గిటార్ అనుకునే కొన్ని గర్జనలు నిజానికి బేస్‌వే. స్పీకర్ చిన్నదైతే కింది స్వరం పోయి పైన గీరుడు మాత్రమే మిగులుతుంది, అందుకే గిటార్ అని పొరబడతాం. స్పీకర్లను గోడకి 30–40 సెంటీమీటర్ల దూరం జరిపి వినండి. గోడకి ఆనించి పెడితే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉబ్బిపోయి, బ్రూఫర్డ్ కిక్ డ్రమ్మూ వెట్టన్ బేసూ ఒకే ముద్ద అవుతాయి.

ఫిడేలు గారికి ఒక ప్రశ్న: ఎల్పీలో ‘స్కిట్సాయిడ్ మ్యాన్’ గాత్రం చిరుగుతోంది. అది రికార్డింగ్‌దా, నా టర్న్‌టేబుల్ ముల్లుదా?

మర్రిపాలెం_ముల్లు

ఇది నేను చెప్తాను అన్నా. రెండూ అయ్యుండొచ్చు, విడదీయడం తేలిక.

ఆ పాటలో గొంతు కావాలనే చిరిగేలా చేసినది. అది పోదు, పోకూడదు. కాబట్టి గొంతు వదిలేసి తాళాలు వినండి. గొంతు ఒక్కటే చిరిగి తాళాలు శుభ్రంగా ‘ఛ్ష్’ అంటే సమస్య లేదు. తాళాలు కూడా ఇసకలా రాలుతుంటే ముల్లుదే తప్పు.

ఎందుకంటే ఆ పాట రెండో వైపు చిట్టచివర ఉంది. 33⅓ వేగంలో డిస్కు బయటి అంచున గాడి సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లోపలి చివరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దాన్ని సగంకన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. గాడి వంపులు అంత బిగుసుకుపోతే మొద్దు ముల్లు వాటిల్లోకి దిగలేదు. ఆల్బమ్ మొత్తంలో అతి గట్టిగా ఉండే పాట సరిగ్గా అక్కడే పడింది.

చేయాల్సినవి వరసగా చెప్తా. ముందు ముల్లు తుడవండి, వెనకనుంచి ముందుకే, ఎప్పుడూ అడ్డంగా కాదు. తర్వాత ముల్లు గాడి మీద మోపే బరువు. కార్ట్రిడ్జ్ (ముల్లు తొడిగే భాగం) ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే 2.0 గ్రాములు, ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అయితే 1.8. టర్న్‌టేబుల్ చేయి (టోన్‌ఆర్మ్) మీది అంకెని నమ్మొద్దు, చిన్న డిజిటల్ తూకం పెట్టి చూడండి. తక్కువ బరువు పెడితే డిస్కు భద్రం అనుకోవడం పెద్ద పొరపాటు. ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని కొడుతుంది, అసలు అరుగుదల దానివల్లే. బరువు సరిచేశాక ప్రొట్రాక్టర్‌తో కార్ట్రిడ్జ్ కోణం. బేర్‌వాల్డ్ లెక్కలో ముల్లు సరిగ్గా స్పర్శరేఖలో ఉండే చోట్లు డిస్కు మధ్యనుంచి 66.0, 120.9 మిల్లీమీటర్లు. స్టీవెన్సన్ లెక్కలో 60.3, 117.4. రెండోదానిలో లోపలి చివర తప్పు తక్కువ, బదులుగా మధ్యలో కొంచెం ఎక్కువ. ఇలాంటి ఎల్పీలు ఎక్కువ వినేవాళ్ళు స్టీవెన్సన్ పెట్టుకుంటే లాభమే.

ఇంకా చిరుగుతుంటే ముల్లు రకం మార్చాలి. వీఎం95 బాడీ అలాగే ఉంచి మైక్రోలీనియర్ ముల్లు ఒక్కటి తొడిగితే చాలు. మామూలు ఎలిప్టికల్ ముల్లుకీ దీనికీ తేడా ఈ ఒక్క పాటలోనే తేలిపోతుంది. అదీ కుదరలేదంటే పాత యజమాని దగ్గరే గాడి అరిగిపోయి ఉంటుంది, దానికి మందు లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి: బ్రిటన్‌లో ఐలండ్ సంస్థ వేసిన ప్రతి నంబర్ ఐఎల్‌పీఎస్ 9316, అమెరికాలో అట్లాంటిక్ సంస్థది ఎస్‌డీ 18136. రెండో వైపు చివరి అంగుళాన్ని వాలు వెలుతురులో ఫోటో తీసి పంపమనండి. అక్కడ గాడి బూడిదరంగుకి తిరిగి ఉంటే వదిలేయండి.

ఖండచాపు

తాళం లెక్క గురించి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతా.

‘లార్క్స్ టంగ్స్’ రెండో భాగం ప్రధాన రిఫ్ 10 మాత్రలు, 3+3+2+2గా విరుస్తారు. చేత్తో తకిట తకిట తక తక అంటూ వేయండి. ఆవృతాల చివర ఒక్కోసారి ఒక మాత్ర పెరిగి 11 అవుతుంది. చేయి తడబడేది అక్కడే. అది వినగానే ఒక దెబ్బ ఆపి మళ్ళీ ఎత్తుకోండి, వాళ్ళతో కలిసిపోతారు.

‘స్టార్‌లెస్’ నడిమి భాగం 13. నేను 4+4+5గా వేస్తాను, 7+6 సుఖంగా అనిపించేవాళ్ళకి అదీ కుదురుతుంది. బేస్ అదే వరసని పట్టుకుని కూర్చుంటుంది, ఫ్రిప్ ఒకే స్వరాన్ని పదే పదే మీటి కొంచెం కొంచెంగా పైకి జరుపుతాడు, బ్రూఫర్డ్ చాలాసేపు తాళం చెప్పనే చెప్పడు, చెక్కమీదా అంచుమీదా అక్కడక్కడా తడతాడు. తర్వాత అదే 13 రెట్టింపు వేగంలో వస్తుంది. మన కచేరీల్లో మేల్కాలం పడ్డప్పటి ఊపే అది. లెక్క వదలకుండా అక్కడిదాకా వచ్చినవాళ్ళకే ఆ దెబ్బ పూర్తిగా తగులుతుంది.

‘ఫ్రాక్చర్’ సంగతి ఇంకో రకం. ఎక్కువ భాగం హోల్‌టోన్ స్కేలు మీద నడుస్తుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళు గోప్రియ రాగ స్వరాలు గుర్తు తెచ్చుకోండి: స రి2 గ3 మ2 ద1 ని2. పంచమం లేదు, నిలబడటానికి చోటు లేదు, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. ఆ స్కేలు మీద ఫ్రిప్ ఆపకుండా మీటే చిన్న స్వరాల వరస నిమిషాల తరబడి సాగుతుంది. ఇక్కడ పిక్ ప్రతి స్వరానికీ కిందికీ పైకీ మారాలి, తీగలు దాటినా సరే. అందుకే గిటార్ విద్యార్థులు దీని దగ్గర ఆగిపోతారు. సగం వేగంలో మెట్రోనోమ్ పెట్టి, ఒక్క తీగ దాటే చోట్లని విడిగా సాధన చేయడం తప్ప దారి లేదు.

సీతమ్మధార_స్టీరియో

‘ఎక్సైల్స్’లో వెనక తీగవాద్యాల శబ్దం కాస్త ఊగుతోంది. సీడీలో కూడా ఉంది. ఎల్పీలో ఇంకొంచెం ఎక్కువ. బెల్టు మార్చాలా?

ఎంవీపీ_మెలోట్రాన్

సీడీలో కూడా ఉందంటే సగం జవాబు మీరే చెప్పేశారు. అది మెలోట్రాన్.

ఎం400 మోడల్‌లో 35 మీటలు, ప్రతి మీట కిందా ఒక టేపు ముక్క. మీట నొక్కితే రబ్బరు చక్రం ఆ టేపుని తిరిగే కడ్డీకి అదుముతుంది, టేపు, దాన్ని చదివే హెడ్ మీదుగా జారి మోగుతుంది. సుమారు 8 సెకన్లకి టేపు అయిపోతుంది, మీట వదిలితే స్ప్రింగు వెనక్కి లాగేస్తుంది. అంచేత ఎంత నిదానమైన పాటైనా 8 సెకన్లలోపు చేయి మార్చి తీరాలి. ‘స్టార్‌లెస్’ మొదట్లో తీగల శబ్దం కింద వేళ్ళు ఒక్కొక్కటిగా మారడం వినండి, అన్నీ ఒకేసారి లేపితే ఖాళీ పడుతుంది.

ఊగుడు దేనికంటే, అన్ని టేపుల్నీ లాగేది ఒకే మోటారు, ఒకే కడ్డీ. ఎక్కువ మీటలు ఒక్కసారి నొక్కితే బరువు పెరిగి మోటారు రవ్వంత మందగిస్తుంది, శ్రుతి దిగుతుంది. కచేరీలో వేడి, తేమ, దుమ్ము తోడయితే రబ్బరు చక్రాల పట్టు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు మీ టర్న్‌టేబుల్ సంగతి తేల్చే పద్ధతి. 33⅓ వేగంలో డిస్కు ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా 1.8 సెకన్లు. ఊగుడు ప్రతి 1.8 సెకన్లకీ గడియారంలా తిరిగొస్తూ, వెట్టన్ గొంతుని కూడా ఊపుతుంటే, డిస్కు వంగిందో కన్నం మధ్యలో లేదో అర్థం. తీగల శబ్దం ఒక్కటే ఊగి గొంతు నిలకడగా ఉంటే అది 1974 వేదికదే, దాని జోలికి పోకండి. క్రమం లేకుండా పాట మొత్తం జారుతుంటే అప్పుడు బెల్టు చూడండి.

స్ట్రోబ్ డిస్కుతో వేగం చూసేవాళ్ళు 50 హెర్ట్జ్‌కి 180 గీతలున్న వలయాన్ని చూడాలి. 216 గీతలది 60 హెర్ట్జ్‌కి, మనకు పనికిరాదు. మంచి ఎల్ఈడీ బల్బు మినుకదు కాబట్టి గీతలు కనపడవు, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కింద పెట్టండి. ఒక జాగ్రత్త: కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయొద్దు. ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 కాకపోవచ్చు. ఏసీ సింక్రొనస్ మోటారు దాన్నే పట్టుకుని తిరుగుతుంది, లైటూ దాన్నే పట్టుకుని మినుకుతుంది, రెండూ కలిసి అంతా బాగుందని చెప్తాయి.

డాల్ఫిన్స్_నోస్

సముద్రానికి దగ్గర ఇళ్ళవాళ్ళ కోసం నిలవ సంగతి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇది అందరికీ ఉండే తలనొప్పే.

కాగితపు లోపలి కవర్లు తేమ పీల్చి బూజు పట్టిస్తాయి. డిస్కుని పాలిథిన్ పొర ఉన్న కవర్లోకి మార్చి, పాత కవర్ని అట్టతోపాటు వెనకాల విడిగా ఉంచండి. బయటి తొడుగు పీవీసీది వద్దు, మన ఎండకి అందులోని ప్లాస్టిసైజర్ కారి అట్టకి అంటుకుంటుంది. నిలువుగానే పెట్టాలి. సముద్రం వైపు కిటికీ ఉన్న గోడకీ, పడమటి ఎండ పడే గోడకీ ఆనించొద్దు. అల్మారాలో సిలికా జెల్ పెడితే నీలం గులాబీకి తిరగ్గానే తీసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం సీడీల దగ్గర వద్దు. వాటి ఆవిరి పాలిస్టైరీన్ పెట్టెల్ని మెత్తబరిచి పాడుచేస్తుంది.

బూజు పట్టిన ఎల్పీకి: ముందు పొడిగా మెత్తటి బ్రష్‌తో, ఆరుబయట, ముక్కుకి గుడ్డ కట్టుకుని. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ నాలుగు పాళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక పాలు, ఫోటో కడిగే వెట్టింగ్ ఏజెంట్ ఒకటి రెండు చుక్కలు. గాడి వెంటే తుడవాలి, లేబుల్ తడవకూడదు. చివర ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, లేకపోతే ఆ వెట్టింగ్ ఏజెంటే ముల్లుకి జిగురులా పడుతుంది. కుళాయి నీళ్ళు వద్దు, ఉప్పులు గాడిలో మిగిలి టపటపలాడతాయి. సీడీ, డీవీడీ అయితే మధ్యనుంచి అంచుకి సూటిగా తుడవండి, గుండ్రంగా కాదు.

ఉప్పుగాలికి ఆర్‌సీఏ పిన్నులు కూడా నల్లబడతాయి. ఒక వైపు చప్పుడు పోతూ వస్తూ ఉంటే కార్ట్రిడ్జ్‌ని అనుమానించే ముందు యాంప్ దగ్గర ఎడమ కుడి తీగలు మార్చి చూడండి. లోపం రెండో వైపుకి మారితే తప్పు యాంప్‌కి ముందే ఉంది. మారకపోతే యాంప్ లేదా స్పీకర్.

గాజువాక_బేస్

మిక్సులు పోల్చేటప్పుడు ఇంకొకటి. కొత్తది ఎప్పుడూ కాస్త గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉన్నదే బాగున్నట్టు అనిపిస్తుంది. ముందు శబ్దం ఎత్తు సమం చేయండి. ఎల్పీని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, పీక్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఎక్కించుకోండి. సీడీ ఫైలుతో కలిపి ఫూబార్ ప్లేయర్‌లో, ఎత్తు సమం చేసే రీప్లేగెయిన్ లెక్క కట్టించండి. ఆ తర్వాత వింటే అసలు తేడా బయటపడుతుంది. ‘లమెంట్’ రెండో సగం ఈ పనికి చాలు, అందులో నలుగురూ గట్టిగా ఉంటారు.

పెదవాల్తేరు_ఫిడేలు

ఎత్తు సమం చేసి క్రాస్‌ని వినండి అన్నా, అప్పుడూ జాబ్సన్‌కే ఓటంటే నేనేం అనను.

‘స్టార్‌లెస్’ మొదటి రాగం మాత్రం తప్పక వినండి. ‘రెడ్’లో దాన్ని ఫ్రిప్ గిటార్ మీద వాయిస్తాడు. అస్బరీ పార్క్‌లో అది క్రాస్ వయొలిన్. స్టూడియోలో చేరిన శాక్సఫోన్లు కూడా ఇక్కడ లేవు, కాబట్టి చివర ఆ రాగం తిరిగొచ్చేటప్పుడు బరువంతా నలుగురే మోస్తారు. ఈ రూపం కోసమే రీఇష్యూ కొనొచ్చు.

సీతమ్మధార_స్టీరియో

2013దే ఆర్డర్ పెడుతున్నా. ‘అస్బరీ పార్క్’ పూర్తి నిడివి ఎక్కడ దొరుకుతుంది?

లాసన్స్_బే

ఎల్పీలో దాన్ని దాదాపు 7 నిమిషాలకి కత్తిరించారు. ‘ఈజీ మనీ’ని కూడా మధ్యలో మెల్లగా తగ్గించి ఆపేశారు. పూర్తి కచేరీని ఫ్రిప్ సంస్థ డీజీఎం విడిగా ఇచ్చింది, జాబ్సన్ చేర్పులు లేకుండా. 2013లో వచ్చిన 24 డిస్కుల ‘ద రోడ్ టు రెడ్’ పెట్టెలోనూ ఆ రాత్రి ఉంది. ముందు ఎల్పీ క్రమంలోనే వినండి, చెవికి కట్టుబాటు ఏర్పడ్డాక పూర్తి కచేరీకి వెళ్ళండి.

వినేముందు వాల్యూమ్ ‘స్టార్‌లెస్’ చివరి రెండు నిమిషాల దగ్గర సరిచూసుకుని, తర్వాత మొదటికి రండి. మొదటి వయొలిన్ చాలా నెమ్మదిగా ఉందని అక్కడ నాబ్ తిప్పేస్తే, 13 రెట్టింపయ్యే చోట చిన్న యాంప్ కచ్చితంగా క్లిప్ అయి శబ్దం చిరుగుతుంది.